పట్టుకో అన్నంతసేపు

"తొక్కు," అన్నాడు రవీంద్ర కారు కింది నుంచి.

నయన తొక్కింది. ఒకసారి, ఇంకోసారి, మళ్ళీ ఇంకోసారి. "పట్టుకో," అన్నాడు, పట్టుకుంది. వెనక చక్రం దగ్గర స్పానర్ కిర్రుమంది, కాలి కింద పెడల్ మెల్లగా నేల దాకా దిగిపోయింది, సీసాలోకి బ్రేక్ ఆయిల్ బుడబుడమని కారింది, స్పానర్ మళ్ళీ తిరిగింది. "ఇడువు," అన్నాడు. వదిలింది. ఇంతే పని. తను చెప్పేదాకా కాలు ఎత్తగూడదు, ఎత్తితే ఆయిల్ పోయే దారిలో గాలి లోపలికి దూరుతుంది, గాలి దూరితే బ్రేకు పట్టదు అని మొదలుపెట్టే ముందే పసిపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. ఎనిమిదేండ్ల కాపురంలో చెప్పినట్టు తొక్కి, చెప్పినట్టు పట్టుకుని, చెప్పినట్టు వదిలిన ఆడదానికి ఇదేం కొత్త విద్య కాదు. కొత్తదల్లా కూర్చున్న చోటు. పుట్టి బుద్ధెరిగాక నయన డ్రైవరు సీట్లో కూర్చోవడం ఇదే మొదలు. అదీ ఎవరి సీటు? శశికళ సీటు. శశికళ పొడుగ్గా ఉంటుంది కాబట్టి సీటు వెనక్కి జరిపి ఉంది, నయన కాలు అందడం లేదు. ముందుకు జరుపుకుందామని చెయ్యి పెట్టగానే ఆయన చూశాడు. "జరపద్దు, మళ్ళా ఆమె సరిచేసుకోవల్ల," అన్నాడు. సరే స్వామీ అనుకుని నయన సీటు అంచున, పడీ పడకుండా కూర్చుని వేళ్ళ కొసలతో తొక్కుతోంది. ఎదురుగా ఉన్న అద్దం కూడా శశికళ ఎత్తుకే తిప్పి ఉంది, అందులో నయనకు ఏమీ కనిపించదు, కారు పైకప్పు తప్ప.

శశికళ రవీంద్రకు అక్క కూతురు. ఈ పక్క ఇండ్లల్లో తమ్ముడు అక్క కూతురిని చేసుకోవడం అన్నం తిన్నంత మామూలు సంగతి, చెవులు కుట్టేటప్పుడు పిల్ల మేనమామ ఒళ్ళో కూర్చున్న రోజునుంచే ఊరు ఆ పిల్లను మామకు రాసిచ్చేస్తుంది. శశికళ పెద్దమనిషి అయినప్పుడు రవీంద్రే పచ్చాకు తెచ్చి గుడిసె కట్టాడు, మేనమామ కట్టాల్సిందే కదా మరి, ఆ ఫోటో ఇంట్లో ఆల్బంలో ఉంది. మీసం కూడా సరిగా రాని మొగపిల్లవాడు చేతిలో కొడవలి పట్టుకుని సిగ్గుపడుతూ నిలబడ్డాడు, గుడిసెలో చాప మీద పూలజడతో ఆమె, చుట్టూ అందరూ నవ్వుతున్నారు. ఏం నవ్వుకున్నారో నయనకు తెలుసు. ఇదిగో నీ పెండ్లాము, ఇదిగో నీ కాపురము, గుడిసె గట్టిగా కట్టుకోరా అనే ఉంటారు. ఎన్నిసార్లు ఆ పేజీ తిప్పేసినా ఆల్బం అక్కడే తెరుచుకుంటుంది, పాడు ఆల్బం. నయన పెండ్లి ఫోటోల్లో ఆయన మొహం ఎట్లా ఉంది? ఎండకు కండ్లు చికిలించుకున్నట్టు ఉంది. సిగ్గు లేదు. సిగ్గంతా ఆ గుడిసె దగ్గరే అయిపోయింది కాబోలు.

"తొక్కు."

తొక్కుతున్నా కదా. పొద్దున ఎండ ఎక్కకముందే మొదలుపెట్టాడు, ఆదివారం, ట్రాక్టరు షెడ్డుకు సెలవు. సెలవంటే కాళ్ళు చాపుకుని పడుకునే మనిషి. వంటింట్లో కుళాయి ఉగాది నుంచి కారుతోంది, చెప్పీ చెప్పీ నయన నోరు నొప్పి పుట్టింది, కింద గిన్నె పెట్టుకో అన్నాడు. శశికళ నిన్న సాయంత్రం కారు తెచ్చి వాకిట్లో నిలబెట్టి, "మామా, వెనక చక్రము కీచుమంటాండాది, హ్యాండ్‌బ్రేకు పట్టుకొని ఇడవలా," అంటే చాలు, తెల్లవారకముందే బాగేపల్లికి బండి మీద పోయి, షాపు తెరిచేదాకా మెట్ల మీద కూర్చుని సామాను తెచ్చాడు. టీ కూడా వద్దన్నాడు. ఆ కారు రెండు వానాకాలాలు ఆమె పనిచేసే పాల డైరీ ఆవరణలో నీళ్ళలో నిలబడి లోపలంతా తుప్పు పట్టిపోయింది, డ్రమ్ము ఊడి రాలేదు, సుత్తితో చుట్టూ తట్టి తట్టి చివరికి ఊడదీస్తే ఎర్రటి పొడి కుప్పగా రాలింది. లోపల స్ప్రింగు పట్టుకుంటే విరిగింది. బ్రేకు షూలు ఆకుల్లాగా పొరలు లేచి ఉన్నాయి. "చూస్తివా, ఇట్లా పెట్టుకొని తిరుగుతాండాదే ఈ పిల్ల," అని తలకాయ పట్టుకున్నాడు. ఈ పిల్ల! ముప్పై దాటిన మనిషి, చింతామణిలో లెక్చరరుకు పెండ్లాము, పాల డైరీలో ఆఫీసరు, ఊరూరూ తిరిగి ఆవులకు పరీక్షలు చేయించే మనిషి ఇంకా పిల్లేనట. నయన ఆమెకంటే ఏడాది చిన్నది. నయనను ఎవరూ పిల్ల అనలేదు, ఈ గడప తొక్కినప్పటి నుంచి.

"పట్టుకో. ఆ, అట్లే."

పట్టుకుంది. కొత్త షూలను ఆయన ఎట్లా పట్టుకున్నాడో చూసింది నయన. చేతికి ఆయిలు ఉంటే వాటికి అంటుకోగూడదట, అంటితే బ్రేకు జారుతుందట, అందుకని చేతులు సబ్బుతో కడుక్కొచ్చి, గుడ్డతో తుడుచుకుని, రెండు వేళ్ళతో అంచులు మాత్రం పట్టుకుని మెల్లగా కూర్చోబెట్టాడు. ఆహా, నన్నేనాడైనా అంత భద్రంగా పట్టుకున్నాడా అనుకుంది, అనుకున్నాక తనకే నవ్వొచ్చింది, నవ్వొచ్చాక ఏడుపొచ్చింది. ఇనప ముక్క మీద కూడా కుళ్ళుకునే స్థితికి వచ్చావటే నయనా. ఈ గూళూరు ఊర్లో నీకంటే సిగ్గుమాలిన ఆడది ఉందా.

"ఇడువు."

వదిలింది. కుళ్ళు ఊరికే పుట్టలేదు. ఎవరూ నీళ్ళు పోయకుండా పెరగలేదు. పెండ్లయిన మూడో రోజు అత్త తిమ్మక్క పక్కన కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తోంది నయన. కొత్తకోడలు, తల వంచుకుని, కాయకు కాయ లెక్కగా ఒలుస్తోంది. అత్త మంచిదే, నోట్లో విషం లేదు, అదే కదా తంటా, విషం ఉన్నవాళ్ళ మాటనైతే ఉమ్మేసి ఊరుకోవచ్చు. ఆమె గింజలు చాటలోకి ఒంపుతూ, వానొస్తాదేమో అన్నంత మామూలుగా, "మా శశి ఒప్పుకొనుంటే నిన్ను యాడ చూసేటోళ్ళము లేమ్మా," అంది. "మామను మామగానే చూస్తిని, మొగునిగా చూడలేను అనేసె ఆ పిల్ల. సదువుకున్నోళ్ళకు ఏమి చెప్తాము. ఆ పొద్దు వీడు రెండు దినాలు అన్నము ముట్టలా." అంతే, మళ్ళీ కాయలు. నయన చేతిలో కాయ పగల్లేదు. రెండు దినాలు అన్నం ముట్టలేదట. ఆ రెండు దినాల అన్నం ఎనిమిదేండ్లుగా నయన వండుతూనే ఉంది, ఆకలి తీరిందో లేదో తెలియదు. తెలుసుకోవాలంటే అడగాలి. శశి ఒప్పుకొని ఉంటే నన్ను చేసుకొని ఉండేవాడివా, అని ఒక్క మాట. ఈ మాట ఎన్నిసార్లు గొంతు దాకా వచ్చింది! పడక మీద వచ్చింది, కాన్పు నొప్పుల్లో వచ్చింది, బస్సులో పక్కపక్కన కూర్చుని చిక్కబళ్ళాపురం పోతుంటే వచ్చింది. మింగలేదు, కక్కలేదు. అడిగితే ఆయన అబద్ధం చెప్పడు, ఆ మనిషికి అబద్ధం చేతకాదు, అదే భయం.

"ఇంగ ఈ పక్క అయిపోయినట్టే. ఆ పక్క చక్రానికి పోతా, ఉండు," అని రవీంద్ర పాకి బయటికి వచ్చి, వీపు మన్ను కూడా దులుపుకోకుండా కారు చుట్టూ నడిచి అటువైపు దూరాడు. నయన సీటు అంచున అట్లాగే కూర్చుంది. డాష్‌బోర్డు మీద శశికళ చలువ కళ్ళద్దాలు, పరీక్షకు పాలు పట్టే చిన్న సీసాలు, ఒక రబ్బరు బ్యాండు, దానికి చుట్టుకున్న రెండు వెంట్రుకలు. ఇంటి లోపలి నుంచి పాప నవ్వు వినిపిస్తోంది. పొద్దుటి నుంచి శశికళ ఒళ్ళో కూర్చుని జడలు వేయించుకుంటోంది పాప. తల్లి దువ్వెన పట్టుకుంటే ఊరంతా వినబడేట్టు ఏడ్చే పిల్ల, మేనత్త కూతురు కాబట్టి వదినా వదినా అని ఆమె వెంటే తిరుగుతోంది. పొరుగింటి పుల్లకూర రుచి, అంతే, ఇంకేం లేదు. వరస పిలుపుల దగ్గర కూడా ఆమెదే పైచేయి. మామా అని గొంతు నిండా పిలుస్తుంది, వాకిట్లోంచి పిలిస్తే పెరట్లో ఉన్న మనిషి పరుగెత్తుకొస్తాడు. నయనకు ఆ పిలుపు లేదు, బయటి సంబంధం కదా, ఇదిగో, వింటాండావా, యాడున్నావు, ఇవే నయన మొగుడికి ఉన్న పేర్లు. పైగా తనకంటే పెద్దదైన ఆ మనిషి తనను అత్తా అంటుంది. పెండ్లి రోజు గడప దగ్గర శశికళా వాళ్ళమ్మా ఇద్దరూ చేతులు అడ్డం పెట్టి నిలబడ్డారు, ఆడబిడ్డల ముచ్చట, మొగుని పేరు చెప్తేనే లోపలికి వదిలేది. "చెప్పత్తా, మా మామ పేరు చెప్పు," అని శశికళే నవ్వింది. నయన సిగ్గుపడుతూ చెప్పింది. వద్దనుకున్న మొగుని పేరు ఇంకొకతె నోటితో చెప్పించుకుని నవ్వడం ఎంత సులువు!

నిజానికి ఆమె తప్పేముంది, నచ్చలేదని చెప్పింది, చదువుకుంది, కారు కొనుక్కుంది, తనంతట తాను నడుపుకుంటూ వచ్చింది. తప్పు లేకపోవడమే ఇంకా మంట. నిన్న రాత్రి సంగటి తింటూ అన్న మాట చూడు. "చింతామణిలో గ్యారేజీలు శానా ఉండాయత్తా, అయినా మనసొప్పలా. మామ చెయ్యి పడితేనే నాకు నమ్మకము." ఆ మాటకు ఆయన మొహం చూడాల్సింది. పళ్ళెంలో చారు పోసినా గమనించలేదు. నయనకు కూడా నమ్మకమే, ఎనిమిదేండ్లుగా నమ్మకమే, కానీ ఎన్నడైనా నోరు తెరిచి అన్నదా? కుళాయి కారుతోంది అని మాత్రమే అన్నది.

"తొక్కు," అన్నాడు అటువైపు నుంచి.

తొక్కింది, మళ్ళీ తొక్కింది. "పట్టుకో." పట్టుకుంది. స్పానర్ కిర్రుమంది, పెడల్ కిందికి జారింది, సరిగ్గా అప్పుడు లోపలి నుంచి శశికళ పాపకు కథ చెబుతున్న గొంతు కిటికీ దాటి వచ్చింది. "మీ నాయన నన్ను సైకిలు ఎక్కించుకొని పోయి పేడదిబ్బలోకి తోసేసిండె, తెలుసునా నీకు?" పాప కిలకిలా నవ్వింది. అంతే, కారు కింది నుంచి రవీంద్ర గొంతు లేచింది, "ఏయ్ శశీ! నేనేడ తోస్తిని? నువ్వే ఊగులాడితివి! ఆ సైకిలుకు బ్రేకుండిందా ఏమన్నా!" అని నవ్వాడు. ఊరికే నవ్వడం కాదు, పొట్ట చెక్కలయ్యేట్టు, దగ్గొచ్చేదాకా. కారు మొత్తం ఆయన నవ్వుకు సన్నగా ఊగింది. ఆ నవ్వు నయన ఎరుగదు. ఈ ఇంట్లో ఎనిమిదేండ్లుగా ఉంది, ఆ నవ్వు ఎన్నడూ వినలేదు. ఇన్నాళ్ళూ ఎక్కడ దాచిపెట్టాడు దాన్ని? గ్యాసు అయిపోయింది, పాప ఫీజు కట్టాలి, ఆవుకు దాణా తేవాలి, ఇవి తప్ప మాటలే లేని మనిషనుకుంది, నవ్వు తెలియని మనిషనుకుని సరిపెట్టుకుంది. తెలియకపోవడం కాదు. తనకు పెట్టలేదు, అంతే.

కాలు లేచింది. తానే లేచిందా అంటే, అబద్ధమాడి ప్రయోజనమేముంది, నయనే ఎత్తింది. పెడల్ పైకి వచ్చేసింది, సన్నగా ఏదో గుటక మింగిన చప్పుడైంది. ఆయన ఇంకా నవ్వుతూనే స్పానర్ తిప్పాడు, "ఇడువు," అన్నాడు, ఎప్పుడో వదిలేసిన దాన్ని. సీసా వైపు చూడనేలేదు. "యాబై ఊర్లు తిరిగినా నోరు మాత్రము తగ్గలా ఈమెకు," అని తనలో తాను అనుకుని, గొంతు పెంచి, "తొక్కి చూసి చెప్పు. గట్టిగా ఉండాదా, మెత్తగా ఉండాదా?" అన్నాడు.

నయన తొక్కింది. నీళ్ళెక్కువైన సంగటిలో చెయ్యి పెట్టినట్టు మెత్తగా దిగబడింది.

"గట్టిగానే ఉండాది," అంది.

"మంచిది," అన్నాడు. అడగలేదు, ఇంకోసారి తొక్కు అనలేదు. అన్నది చాలు ఆయనకు. చక్రం దొర్లించుకొచ్చాడు, ఎత్తి బిగిస్తున్నాడు, ఒక్కొక్క నట్టు తిరిగే చప్పుడు నయన వెన్నులో వినిపిస్తోంది. ఏమవుతుంది, ఏమీ కాదు. వెనక బ్రేకు ఉత్త తోడుకేనని, పట్టేదంతా ముందు బ్రేకేనని పొద్దున తనే కదా అన్నాడు. కాబట్టి ఏమీ కాదు. చింతామణి దారిలో చేలూరు దాటేలోపు మెత్తగా ఉందని తెలుసుకుంటుంది, పక్కన నిలబెట్టుకుంటుంది, ఫోన్ చేస్తుంది, మామా ఇదేంది ఇట్లా చేసిస్తివి అంటుంది. ఆ ఒక్క మాట చాలు నయనకు. మామ చెయ్యి పడితేనే నమ్మకం అన్న నోటితోనే ఆ మాట అనాలి, ఆ చెయ్యి ఆమె దగ్గర పలచబడాలి. ఇంకేం వద్దు. చెడ్డ కోరిక కాదు, చిన్న కోరిక. ఇంకో నట్టు. చేలూరు దగ్గర దిగుడు ఉంది, మలుపు దగ్గర గొర్రెలు అడ్డం వస్తాయి, ఆవులు వస్తాయి, స్కూలు పిల్లలు వస్తారు, ఆదివారం కదా స్కూలు పిల్లలు రారు. ఇంకో నట్టు. కాలు నొక్కితే కిందికి పోతుంది, ఇంకా నొక్కితే ఇంకా కిందికి పోతుంది. ఛీ, ఏమీ కాదు. చేతికి చెమట పట్టి స్టీరింగు జారుతోంది, ఎప్పుడు పట్టుకుందో తెలియదు, రెండు చేతులతో పట్టుకునుంది.

శశికళ భుజాన బ్యాగుతో బయటికి వచ్చింది. ముందు పాప పరుగెత్తుకొచ్చింది, రెండు జడలు, రెండింటికీ రిబ్బన్లు. "అమ్మా, నేను వదినతో చేలూరు దాకా పోతా! నాయన వెనకే బండిలో వచ్చి పిల్చుకొస్తాడంట!" అని వెనక తలుపు తీసి అప్పుడే ఎక్కేసింది. రవీంద్ర జాకీ దించి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "పోనీలే, ఆశపడతాండాది. నయనా, దిగు, ఆమెకు పొద్దుపోతాది," అన్నాడు.

"శానా శ్రమపడితివత్తా, ఎండలో," అని శశికళ తలుపు పట్టుకుని నిలబడింది. నిజంగానే అంది, వెటకారం లేదు.

నయన దిగలేదు.

"దిగమంటి గదా," అన్నాడు రవీంద్ర.

"దిగను. గాలుండాది."

"యాడ?"

"బ్రేకులో."

"గట్టిగా ఉండాదంటివే?"

"అబద్ధము చెప్తిని," అంది నయన. గొంతు తను అనుకున్నంత సన్నగా రాలేదు, గట్టిగానే వచ్చింది. "నువ్వు నవ్వుతా ఉంటే నడుమ కాలెత్తేస్తిని. కావాలనే ఎత్తేస్తిని. పాపను దించు."

రవీంద్ర ముందు పాప వైపు చూశాడు, తర్వాత నయన వైపు. ఆ చూపులో కోపం ఉందేమోనని నయన వెతికింది, కోపముంటే ఎంత బాగుండును. శశికళ వెనక తలుపు తెరిచి పాప చెయ్యి పట్టుకుని, "రా, మీ అవ్వ ఏమి చేస్తాండాదో చూద్దాము," అని లోపలికి తీసుకుపోయింది, పోతూ ఒకసారి తిరిగి చూసింది. అర్థమయిందో లేదో. అయ్యే ఉంటుంది, తెలివైనది కదా, ఈ మంట మధ్యలో కూడా ఆమె తెలివి గుర్తొచ్చినందుకు నయనకు తన మీద తనకే అసహ్యమేసింది.

రవీంద్ర జాకీ మళ్ళీ ఎత్తాడు. స్పానర్ తీసుకున్నాడు, సీసా తీసుకున్నాడు, వెల్లకిలా పడుకుని చక్రం వెనక్కి దూరాడు. కాళ్ళు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి, తలుపు తెరిచే ఉంది కాబట్టి వంగి చూస్తే నయనకు ఆ మడమలు కనిపించాయి, పగుళ్ళు, పగుళ్ళలో మన్ను. ఆ మడమలకు తను రాత్రుళ్ళు వేడి నూనె రాసింది. ఎన్నిసార్లు రాసిందో, రాసినప్పుడల్లా ఆయన ఏమీ అనక నిద్రపోయేవాడు.

"తొక్కు," అన్నాడు చివరికి.

తొక్కింది. మూడుసార్లు తొక్కింది.

"పట్టుకో."

పట్టుకుంది. స్పానర్ కిర్రుమంది, పెడల్ నేల దాకా దిగింది. ఇప్పుడు ఆయన రెండు చేతులూ పనిలో ఉన్నాయి, లేచిపోలేడు, మొహం తిప్పుకోనక్కర్లేదు, తనకూ ఆయన మొహం కనబడదు. ఎనిమిదేండ్ల మాట అప్పుడు వచ్చింది, ఆపుకునే ఓపిక లేదు.

"శశి ఒప్పుకొనుంటే నువ్వు నన్ను చేసుకొనుంటావా?"

ఆయిల్ సీసాలోకి కారుతోంది. బుడగలు పగులుతున్నాయి, ఒకటి, తర్వాత ఇంకొకటి.

"లేదు," అన్నాడు రవీంద్ర. "ఆమెనే చేసుకొనుంటా. ఆ పొద్దు నాకు ఇంగెవురూ కనబడలా. ఆమె వద్దనింది కాబట్టే మీ ఇంటికొస్తిమి," అన్నాడు. దాని మీద ఇంకేదైనా చెబుతాడేమో, చెప్పి మెత్తబరుస్తాడేమో అని చూసింది నయన. ఆ మనిషికి అబద్ధం చేతకాదు.

కాలు నొప్పి పుడుతోంది. సీటు అంచు తొడకు కోసుకుంటోంది. కండ్లల్లోంచి నీళ్ళు గడ్డం మీదికి వచ్చి చీర మీద పడుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తితే కాలు కదులుతుందేమోనని తుడుచుకోలేదు. ఎత్తేయడానికి ఇందాకటి కంటే వెయ్యి రెట్లు పెద్ద కారణం ఇప్పుడు ఉంది. కాలు ఎత్తలేదు. స్పానర్ తిరిగి బిగుసుకున్న చప్పుడు వచ్చింది, ఆయన ఇడువు అనలేదు, మరిచిపోయాడో ఏమో, ఇంకాసేపటికి గొంతు సవరించుకుని అన్నాడు.

"ఇడువు."

వదిలింది. ఊపిరి పీల్చుకుని మళ్ళీ తొక్కి చూసింది. పెడల్ సగం దాకా పోయి, అక్కడ కొంచెం ఆగి, మళ్ళీ దిగింది.

"ఎట్లుండాది?" అన్నాడు.

"ఇంకా మెత్తగానే ఉండాది," అంది నయన. "మళ్ళా గాలి తియ్యి."